నింకంపూప్: ఒక తిట్టు పుట్టుపూర్వోత్తరాలు

గత సంవత్సరం మొదటి సెమిస్టరు పరీక్షలు ముగిసిన వారంలో, బి.కాం. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు గ్రంథాలయం వసారాలో నన్ను ఆపి, చేతిలోని చిన్న కాగితం ముక్కను చూచుకుంటూ, ‘సార్, నింకంపూప్ అంటే ఏమిటి?’ అని అడిగినాడు. ఆ మాటను అతడు విన్నది విన్నట్లుగా తెలుగు లిపిలో వ్రాసుకొన్నాడు. ఎక్కడిదీ మాట అంటే కొంచెం తటపటాయించి, తనను ఒక పెద్దమనిషి అట్లా అన్నారని, పక్కనున్నవారు నవ్వినారని, అది తిట్టో మెప్పో తనకు తెలియలేదని చెప్పినాడు. అన్నవారినే అడగరాదా అన్నాను. ‘అడిగితే మళ్ళీ అదే అంటారేమో సార్’ అన్నాడు.

నాకు నవ్వు వచ్చినది. తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్న నాకు ఆ మాటను చిన్ననాడు ఏదో కథల పుస్తకంలో చూచినట్లు లీలగా జ్ఞాపకమే గాని ఖచ్చితమైన అర్థం తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ అడ్డువచ్చినది. ‘ఓరి వెధవా, నిఘంటువు ఉన్నది దేనికిరా? పోయి చూడు’ అని భుజం తట్టి పంపివేసినాను. అతడు తల ఊపి వెళ్ళిపోయినాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నేనే నిఘంటువులు ముందు వేసుకొని కూర్చున్నాను. ఒక్క మాట కోసం కూర్చున్నవాడిని రాత్రి భోజనానికి పిలిచేదాకా లేవలేదు. నాకు కనిపించినదంతా ఆ విద్యార్థితో పాటు మిగిలినవారికి కూడా పనికివస్తుందని ఈ పత్రికలో వ్రాస్తున్నాను. దీనితో ముడిపడిన ఇంకొక విషయం కూడా ఉన్నది; అది తరువాత వస్తుంది.

అర్థం విషయంలో తగాదా లేదు. నింకంపూప్ అంటే తెలివితక్కువవాడు, చేతకానివాడు, ఒప్పగించిన పనిని తారుమారు చేసి అమాయకంగా నిలబడి చూచేవాడు. అతడు దుర్మార్గుడు కాడు, మోసగాడు అంతకంటే కాడు. ఆంగ్లేయుల ఇండ్లలో స్త్రీల ఎదుట, పిల్లల ఎదుట కూడా పెద్దవారు సంకోచం లేకుండా అనదగిన మాట ఇది. ధ్వనిలోనే కొంత హాస్యం ఉన్నది. ఎంత కోపంగా అన్నా చివరి ‘పూప్’ దగ్గరకు వచ్చేసరికి కోపం చల్లబడిపోతుంది. నేటి ఇంగ్లీషులో కొంచెం పాతబడిన మాట. కొత్త తరం వారు ఇంతకంటే పదునైనవి వాడుతున్నారు. తెలుగులో దీనికి సరితూగే మాట ఏది అని ఆలోచించినాను. ‘మొద్దు’ అంటే బుద్ధి ఎక్కనివాడు. అది చదువుకు సంబంధించిన నింద. ‘శుంఠ’లో కాఠిన్యం ఎక్కువ. ‘చవట’లో ఏవగింపు ఉన్నది. నా మటుకు ‘దద్దమ్మ’ దగ్గరి మాటగా తోస్తుంది. దద్దమ్మను చూచి ఎవరూ భయపడరు, ఎవరూ ద్వేషించరు. పని మాత్రం అప్పగించరు.

అర్థం ఇంత తేట అయిన ఈ మాటకు పుట్టుక మాత్రం తేలలేదు. రెండు వందల సంవత్సరాలకు పైగా పండితులు వెదుకుతూనే ఉన్నారు.

అందరికంటె ప్రసిద్ధమైన ఊహ డాక్టర్ శామ్యూల్ జాన్సన్‌ది. ఆయన నిఘంటువు 1755లో వెలువడినది; అందులో నలభై రెండు వేలకు పైగా పదాలున్నవి. దాదాపు తొమ్మిది సంవత్సరాలు, కొద్దిమంది లేఖకుల సహాయంతో, ఆ పనినంతా మోసినవాడు ఆయన. ఈ తిట్టుకు ఆయన చూపిన మూలం లాటిన్ భాషలోని ‘నాన్ కంపోస్’. ఇది న్యాయస్థానాల పలుకుబడి. ‘నాన్ కంపోస్ మెంటిస్’ అంటే తన మనస్సు తన అధీనంలో లేనివాడు అని అర్థం. వీలునామా వ్రాయడానికి, ఆస్తి అమ్మడానికి అర్హత లేనివాడని కోర్టువారు ఒకరిని నిర్ణయించినప్పుడు ఆ మాట వాడేవారు. ప్లీడర్ల నోట పలికిన లాటిన్ సామాన్యుల నోట నలిగి ‘నింకంపూప్’ అయినదని జాన్సన్ భావం. వినడానికి ఎంతో ముచ్చటగా ఉన్నది. మన కచేరీల ఫారసీ మాటలు పల్లెల్లో ఎట్లా నలిగినవో చూచినవారికి ఇది వెంటనే నమ్మదగినదిగా కూడా ఉంటుంది.

కాని ముచ్చటగా ఉండటం వేరు, నిజమై ఉండటం వేరు. జాన్సన్ ఊహకు రెండు చిక్కులున్నవి. మొదటిది చివరి ‘పూప్’. ‘కంపోస్’ నుండి ‘కంపూ’ దాకా ఏదో విధంగా వచ్చినామనుకొన్నా, ఆ కొస హల్లు ఎక్కడ నుండి వచ్చి అతుక్కొన్నది? రెండవది ఇంతకంటె బలమైనది. ఈ మాట 17వ శతాబ్దం ఉత్తరార్ధంలో వ్రాతలోకి ఎక్కినది. ఆ తొలి రూపాలలో ‘ని’ తరువాత సున్న లేదు. ‘నికంపూప్’, ‘నిక్కంపూప్’ అన్నట్లుగా వ్రాసినారు. సున్న తరువాత వచ్చి చేరినది. లాటిన్ ‘నాన్’ నుండి పుట్టిన మాటయితే సున్న మొదట ఉండి క్రమంగా అరిగిపోవలె గాని, మొదట లేకుండా తరువాత పుట్టుకరాకూడదు. ఏ మాట అయినా పుట్టినిల్లు దగ్గర ఉన్నప్పుడు పుట్టింటి పోలిక ఎక్కువగా ఉండవలె; దూరం పోయినకొద్దీ పోలిక తగ్గవలె. ఇక్కడ తలక్రిందులుగా ఉన్నది. బహుశా లాటిన్ తెలిసిన పెద్దమనుషులు ఈ మాటను విని, ఇది మన ‘నాన్ కంపోస్’ కదా అనుకొని, తమ ఉచ్చారణలో సున్నను చేర్చి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఈ సూత్రం తెలుగు చదివే విద్యార్థులకు కూడా అవసరం. ‘ఆసుపత్రి’ అన్న మాటను చూచి ఎవరైనా చమత్కారి, పూర్వం వైద్యులు పత్రితో, అనగా ఆకులతో, మందు చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చినదని చెప్పవచ్చును. విన్నవారు తల ఊపవచ్చును. కాని అది ఐరోపా వారి ‘హాస్పిటల్’కు తెలుగు నోరు తొడిగిన చొక్కా మాత్రమే. తెలియని మాటను తెలిసిన మాటలాగా మలచుకొనడం జనులందరి స్వభావం. జాన్సన్ వంటి మహాపండితుడు కూడా ఒక్కొక్కప్పుడు ఆ జనులలో ఒకడే.

1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన ఆంగ్లేయుల మోటు మాటలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు కూర్చినాడు. అందులో సున్న లేని రూపం, ఉన్న రూపం రెండూ పక్కపక్కనే ఉన్నవి. తెలివితక్కువవాడు అన్న అర్థం తరువాత ఆయన రెండవ అర్థం ఒకటి ఇచ్చినాడు. అది కళాశాల పత్రికలో అచ్చు వేయదగినది కాదు.

ఇక మూడవ మార్గం. 1921లో ఆధునిక ఇంగ్లీషుకు వ్యుత్పత్తి నిఘంటువును ప్రకటించిన ఎర్నెస్ట్ వీక్లీ, మొదటి భాగం ఒక మనిషి పేరు కావచ్చునన్నాడు. నికొలస్ కావచ్చును, నికొదేమస్ కావచ్చును. ఫ్రెంచివారి వాడుకలో ‘నికొదేమ్’ అంటే వెర్రివాడు అన్న అర్థం ఉన్నది. రెండవ భాగమైన ‘పూప్’కు, మోసగించు, వెర్రివాడిని చేయు అనే అర్థంలో పాత ఇంగ్లీషు క్రియ ఒకటి ఉండేదని, అది డచ్చి భాషకు చుట్టమని కొందరు చెప్పుతారు. నేటి ఆంగ్ల బాలుర నోట ఆ తోకకు ఇంకొక అర్థం ఉన్నది. విద్యార్థులు దానిని చూచి నవ్వుకొనవచ్చును గాని, ఆ అర్థానికీ ఈ తిట్టుకూ సంబంధం చూపే ఆధారమేదీ నాకు కనపడలేదు.

ఈ నికొదేమస్ ఎవరు? క్రైస్తవుల యోహాను సువార్త మూడవ అధ్యాయంలో కనిపించే యూదు పెద్ద. శాస్త్రం చదివినవాడు, నలుగురిలో గౌరవం కలవాడు. ఒక రాత్రివేళ ఏసు వద్దకు వచ్చినాడు. మనిషి మరల జన్మించవలె అన్న మాట విని, ముసలివాడైన తరువాత మనిషి ఎట్లా జన్మిస్తాడు, తల్లి గర్భంలోకి మరల ప్రవేశించగలడా అని అడిగినాడు. అంతే ఆయన చేసిన నేరం. మధ్యయుగంలో చర్చి పండుగలకు ఆడే నాటకాలలో ఆయనను అమాయకపు ప్రశ్నలు వేసేవాడుగా చూపినారని, ఫ్రాన్సులో ఆయన పేరు వెర్రివాడికి పర్యాయపదం కావడానికి అదే కారణమని చెప్పుతారు. అదే సువార్త చివర ఏసు దేహాన్ని సమాధి చేసే సమయంలో, శిష్యులు చెదిరిపోయిన వేళ, నూరు రాత్తళ్ళ బరువు గల సుగంధద్రవ్యాలు మోసుకొని వచ్చినవాడు కూడా ఈ నికొదేమసే. ఆ సంగతి ప్రజలు మరచినారు. రాత్రి పూట వచ్చి అడిగిన ప్రశ్న మాత్రం మిగిలినది.

నేను ఈ మూడవ ఊహ వైపు మొగ్గుతున్నాను. అయితే ఎందుకు మొగ్గుతున్నానో నాకు నేను ప్రశ్నించుకొంటే, ఆధారం బలమైనదని కాదు, కథ బాగున్నదని. ప్రశ్న అడిగినవాడి పేరే వెర్రివాడి పేరుగా మారినదన్న సంగతి, అడిగితే మళ్ళీ అదే అంటారేమోనని భయపడిన విద్యార్థిని చూచిన నా వంటి అధ్యాపకుడికి తప్పక నచ్చుతుంది. నచ్చడం ఆధారం కాదు. జాన్సన్‌కు లాటిన్ నచ్చినట్లే నాకు నికొదేమస్ నచ్చినాడు. ఆక్స్‌ఫర్డు వారి మహానిఘంటువు మొదటి సంచిక 1884లో వెలువడి, కడపటి సంచిక 1928లో పూర్తి అయినది. నలభై నాలుగు సంవత్సరాల ఆ ప్రచురణలో వేలమంది పాఠకులు ఉదాహరణలు సేకరించి పంపినారు. అంతటి యంత్రాంగం కూడా ఈ చిన్న తిట్టు దగ్గర నిశ్చయం చెప్పలేక ఆగిపోయినది.

ఇట్లా ఆగిపోవడాన్ని మన తరగతి గదులలో లోపంగా చూస్తాము. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ‘ఈ పదం వ్యుత్పత్తి తెలియదు’ అని జవాబు పత్రంలో వ్రాస్తే సున్న వచ్చేది; ఏదో ఒకటి అల్లి వ్రాస్తే రెండు మార్కులు వచ్చేవి. ఆ అలవాటుతోనే ఆనాడు వసారాలో నేను ప్రశ్నను తప్పించుకొన్నాను. జాన్సన్ ఇందులో మనకంటె పెద్దవాడు. గుర్రం కాలిలో గిట్టకు పైనుండే ఒక భాగాన్ని ఆయన నిఘంటువులో మోకాలు అని వ్రాసినాడు. ఒక స్త్రీ అది చూచి, ఎందుకు ఇట్లా వ్రాసినారని అడిగినదట. పెద్ద సమాధానమేదో వస్తుందని ఆమె ఎదురుచూచినది. కేవలం అజ్ఞానం వల్లనే అని ఆయన బదులు చెప్పినట్లు ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ వ్రాసినాడు. ఆ స్త్రీని ఆయన ఏ తిట్టూ తిట్టలేదు.

పుట్టుక తెలియని తిట్టును చూచినాము. తెలిసినవాటిని కూడా కొంచెం చూడవలె.

‘డన్స్’ అన్న మాట విద్యార్థులు వినే ఉంటారు; చదువురాని మొద్దు అని అర్థం. ఇది జాన్ డన్స్ స్కోటస్ పేరు. స్కాట్లండులో పుట్టి, ఆక్స్‌ఫర్డులోను పారిసులోను బోధించి, 1308లో కొలోన్ నగరంలో మరణించిన మహాతార్కికుడు. సత్తను గూర్చి మన ఇబ్న్ సీనా చేసిన విచారాన్ని ఐరోపాలో లోతుగా చదివి దానిపై తన సిద్ధాంతాన్ని నిర్మించిన వారిలో ఆయన ముఖ్యుడు. ఆయన పోయిన రెండు శతాబ్దాల తరువాత కొత్త చదువులు వచ్చినవి. పాత తర్కాన్ని విడువని ఆయన అనుయాయులను కొత్తవారు ‘డన్స్‌లు’ అని ఎగతాళి చేసినారు. అట్లా ఐరోపా మేధావులలో అగ్రశ్రేణివాడి పేరు తరగతి గదిలో మూలన నిలబెట్టిన పిల్లవాడికి వచ్చినది.

‘మోరాన్’ అన్న మాట చరిత్ర ఇంకా దగ్గరిది, ఇంకా కఠినమైనది. నేడు అది స్నేహితులు పరస్పరం అనుకొనే తేలికపాటి తిట్టు. దానిని పుట్టించినది వీధి కాదు, శాస్త్రం. 1910లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండులో పనిచేస్తున్న మనస్తత్త్వవేత్త హెన్రీ గొడార్డ్, మందబుద్ధులను తరగతులుగా విభజిస్తూ, పై తరగతికి గ్రీకు భాష నుండి ఈ పేరు తయారుచేసినాడు. దాని క్రింద ‘ఇంబెసైల్’, అన్నిటికంటె క్రింద ‘ఇడియట్’. ఇవన్నీ ఆనాడు ఆసుపత్రి కాగితాల మీద, కోర్టు కాగితాల మీద వ్రాసే మాటలు. 1927లో వర్జీనియా రాష్ట్రానికి చెందిన క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి హోమ్స్, ఆమె తల్లిని, ఆమెను, ఆమె పసిబిడ్డను కలిపి మూడు తరాల ‘ఇంబెసైల్’లుగా లెక్కించినాడు. ఆ బిడ్డ తరువాత బడికి పోయి, బాగా చదివే పిల్లల పట్టికలో పేరు వ్రాయించుకొన్నది. ఎనిమిదేండ్ల వయస్సులో మరణించినది. మన దేశంలో కూడా 1912 నాటి లూనసీ చట్టంలో ‘ఇడియట్’ అన్న మాట నిర్వచనంలోనే ఉండేది. 1987లో కొత్త చట్టం వచ్చి దానిని తొలగించినది; దాని స్థానంలో 2017లో మరొక చట్టం వచ్చినది.

అందువల్ల మెత్తని తిట్టు, కటువైన తిట్టు అని మనం చేసే విభజన మీద నాకు నమ్మకం సడలినది. ‘మోరాన్’ నేడు మెత్తగా ఉన్నదంటే, దానితో గాయపడినవారు మన కంటికి కనబడటం లేదని మాత్రమే అర్థం. ఈ వరుసలో నిలబెట్టి చూస్తే నింకంపూప్ నాకు దాదాపు నిర్దోషిగా కనిపించినది. దాని వెనుక ఎవరున్నారో తెలియదు. ఉంటే గింటే రెండువేల సంవత్సరాల క్రిందటి ఒక మర్యాదస్థుడు ఉన్నాడు. ఆయన వంశం వారెవరూ మన తరగతిలో లేరు.

ఇక మన ఇంటి మాటలు. ఈ కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి కాబట్టి తిట్లకు కొదువ లేదు. ‘బేవకూఫ్’ అన్నది మన విద్యార్థులు రోజుకు నూరుసార్లు అనే మాట. ‘బే’ ఫారసీ, లేనివాడు అని సూచిస్తుంది. ‘వుకూఫ్’ అరబ్బీ; తెలివి, ఎరుక అని ఇక్కడ అర్థం. వావ్, కాఫ్, ఫే అనే మూడు అక్షరాల ధాతువు ఇది. దాని అసలు అర్థం నిలవడం, ఆగడం. హాజీలు అరఫాత్ మైదానంలో నిలిచే నిలకడను కూడా వుకూఫ్ అనే అంటారు. ఆస్తిని అమ్మకాలకు పోకుండా నిలిపి ధర్మానికి కేటాయిస్తే అది ‘వక్ఫ్’. ఆ దానం చేసినవాడు ‘వాకిఫ్’. సంగతి ఎరిగినవాడు కూడా ‘వాకిఫే’. కాబట్టి బేవకూఫ్ అనిపించుకొన్న విద్యార్థి, వక్ఫ్ ఆస్తులను చూచుకొనే పెద్దలకు ధాతువు ద్వారా దగ్గరి బంధువు. ఈ బంధుత్వాన్ని పాలకసంఘం పెద్దలు అపార్థం చేసుకొనరని ఆశిస్తున్నాను.

అన్నీ ఇట్లా నవ్వుకొనదగినవి కావు. ‘బేవార్సు’ అన్న మాట తెలుగువారు కూడా ధారాళంగా వాడుతారు. పనీపాటా లేక తిరిగేవాడు అన్న భావంతో. అందులో ఉన్నది ‘వారిస్’; మన ‘వారసుడు’ కూడా అక్కడిదే. బే-వారిస్ అంటే వారసుడు లేనివాడు, వెనుక ఎవరూ లేనివాడు. శవాన్ని తీసుకొనడానికి ఎవరూ రానప్పుడు వ్రాసే మాట. దిక్కులేకపోవడం ఒక దురదృష్టం. దానిని మనం దుర్గుణంగా మార్చి వీధిలో నిలబడినవాడి మీద విసురుతున్నాము.

‘వెధవ’ సంగతి అందరికీ తెలుసు. తెలిసే అంటాము. సంస్కృతంలో విధవ, భర్త పోయిన స్త్రీ. ఇంగ్లీషువారి ‘విడో’, లాటిన్‌లోని ‘విదువా’ కూడా ఈ పదానికి తోబుట్టువులే. వేల సంవత్సరాల క్రిందట ఒకే భాషలో ఒకే మాటగా ఉండేవి. అక్కడికి పోయిన తోబుట్టువు కేవలం ఒక స్త్రీ స్థితిని చెప్పుతూ ఉండిపోయినది. దానిని తీసుకొని ఒక మగవాడిని తిట్టవచ్చునన్న ఊహ ఆంగ్లేయుడికి రాలేదు. మన దగ్గర అది తిట్టు అయినది. భర్త పోయిన స్త్రీ ఎదురు వస్తే అపశకునం అనుకొన్న సమాజంలో ఆమె పేరే తిట్టు కావడంలో ఆశ్చర్యం లేదు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినారు. దానికోసం ఆయన పడిన బాధలు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నవి, నేనే ప్రతి సంవత్సరం బోధిస్తున్నాను. ఆ పాఠం చెప్పుతూ మధ్యలో, వెనుక బల్ల మీద మాట్లాడుతున్నవాడిని ‘ఏరా వెధవా’ అని గద్దించిన సందర్భాలు నాకు లేవని చెప్పలేను. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుతాము. అయినా ఈ మాట నాకు అమ్మ మాటతో పాటు వాడకట్టు నుండి వచ్చినది. మా వీధిలో తాతలు మనవలను ముద్దుగా కూడా అట్లాగే పిలిచేవారు.

ఇప్పుడు ఆ ఇంకొక విషయం. వసారాలో మాట్లాడిన మూడు వారాలకు, అదే విద్యార్థి ఉపకారవేతనం దరఖాస్తు మీద నా సంతకం కోసం వచ్చినాడు. సంతకం చేసేముందు వివరాలు చూడటం నా అలవాటు. తండ్రి పేరుకు ముందు ‘మర్హూం’ అని ఉన్నది. తల్లి వృత్తి: కుట్టుపని. ఆ గడిలో చేతివ్రాత మిగిలిన గడులకంటె చక్కగా ఉన్నది, ఎవరో ఆలోచించి ఆలోచించి వ్రాసినట్లు. మీ నాన్న ఎప్పుడు పోయినారని అడిగినాను. తాను ఆరవ తరగతిలో ఉండగా అన్నాడు. నేను సంతకం చేసి కాగితం ఇచ్చినాను. ‘షుక్రియా సార్’ అని వెళ్ళిపోయినాడు.

ఎవరో అన్న నింకంపూప్‌కు అర్థం తెలియక నా దగ్గరకు వచ్చినవాడిని, అర్థం బాగా తెలిసిన మాటతో నేను పంపివేసినాను. అందులో ఆప్యాయత ఉన్నదని నాకు తెలుసు. అతడికి కూడా తెలిసే ఉండవచ్చును. కాని ఆ మాట నా నోటి నుండి వెలువడి అతని ఇంటిదాకా, కుట్టుమిషన్ ముందు కూర్చున్న తల్లిదాకా పోయినదా లేదా అన్నది నాకు తెలియదు, నేను అడగలేను. పిలిచి క్షమాపణ చెప్పవలెననుకొన్నాను. చెప్పితే ఆ మాటను ఇంకొకసారి అతడి ఎదుట ఉచ్చరించవలసి వస్తుంది. మరచిపోయి ఉంటే జ్ఞాపకం చేసినట్లవుతుంది. అందువల్ల చెప్పలేదు. ఈ పత్రిక అతడి చేతికి అందితే అతడికి అర్థమవుతుంది. తక్కినవారికి అతడెవరో తెలియనవసరం లేదు.

మిత్రులు కొందరు, ఇంత చిన్న సంగతికి ఇంత విచారమా, మాటకు వాడుకే అర్థం గాని పుట్టుక కాదు గదా అని నాతో వాదించినారు. భాషాశాస్త్రరీత్యా వారు చెప్పినది నిజమే. డన్స్ అన్నవాడికి స్కోటస్ జ్ఞాపకం రాడు, బేవకూఫ్ అన్నవాడికి వక్ఫ్ జ్ఞాపకం రాదు. అయితే ‘వెధవ’ విషయంలో ఆ వాదం నిలువదు. దాని పుట్టుక మనం మరచిపోయినది కాదు. ప్రక్క ఇంట్లో ఇంకా జీవించి ఉన్నది. మాటకు, మనిషికి మధ్య దూరం ఎంత అన్నదే చూడవలసినది. నికొదేమస్‌కు మనకు దూరం ఎక్కువ. కుట్టుమిషన్‌కు మన కళాశాలకు దూరం లేదు. తిట్టకుండా చదువు చెప్పవచ్చునని నేను ప్రతిజ్ఞ చేయను. అది నా వల్ల కాకపోవచ్చును. తిట్టవలసి వస్తే దద్దమ్మ అంటాను. లేదా నింకంపూప్ అంటాను. అర్థం అడిగితే చెప్పుతాను.

చివరకు కళాశాల పాలకసంఘం వారికి ఒక విన్నపం. పోయి నిఘంటువు చూడు అని నేను ఆనాడు గంభీరంగా చెప్పినాను గదా. తరువాత తెలిసినది: మన గ్రంథాలయంలో పెద్ద నిఘంటువులన్నీ గాజు తలుపుల బీరువాలో తాళం వేసి ఉంటాయి. వీపులు బయటకు కనిపిస్తాయి; పుస్తకం చేతికి రాదు. దొంగతనాల భయం వల్ల వచ్చిన ఏర్పాటు అని గ్రంథాలయం వారు చెప్పినారు. అది నిజమే కావచ్చును, కాని రెండు మూడు నిఘంటువులను బల్ల మీద గొలుసు వేసి అయినా సరే తెరిచి ఉంచితే, ఉర్దూ విద్యార్థికి తెలుగు మాట, తెలుగు విద్యార్థికి ఉర్దూ మాట, ఇద్దరికీ ఇంగ్లీషు మాట ఎవరినీ బ్రతిమాలకుండా దొరుకుతుంది. వ్యుత్పత్తి చెప్పే ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొత్తగా కొనవలసి ఉన్నది. ఉన్నదానిలో కొన్ని పుటలు లేవు. అడిగితే మళ్ళీ తిడతారేమోనన్న భయం ఉన్న పిల్లవాడికి, తిట్టకుండా జవాబు చెప్పేది ఆ పుస్తకం ఒక్కటే.

మొన్న ఆ విద్యార్థి మరల కనిపించినాడు. నేను నింకంపూప్ గూర్చి తెలిసినదంతా చెప్పినాను, పుట్టుక ఎవరికీ తెలియదని కూడా చెప్పినాను. శ్రద్ధగా విని, ‘అయితే సార్, దద్దమ్మ అన్న మాట ఎక్కడిది?’ అని అడిగినాడు. తెలియదు, పద చూద్దామన్నాను. ఇద్దరం గ్రంథాలయానికి పోయినాము. తాళంచెవి ఉన్న గుమాస్తా ఆ రోజు సెలవులో ఉన్నాడు.